వంటకీ, పాఠానికీ, కెమెరాకీ ఒకే గది: తిరుపతిలో కిచెన్ స్టూడియో కట్టుకునే పద్ధతి

ఒకే గదిలో వండాలి, పదిమందికి నేర్పాలి, వీడియో తీయాలి అనుకుంటే మొదటి తగాదా గాలి దగ్గరే మొదలవుతుంది. వంటకు పెద్ద ఎగ్జాస్ట్ కావాలి. మైకుకు నిశ్శబ్దం కావాలి. నేర్చుకునేవాళ్ళకు ఖాళీ నేల, అడ్డులేని చూపు కావాలి. కెమెరాకు కదలని వెలుగు కావాలి. వీటిలో ఏది ఎక్కడ తగ్గాలో టైల్స్ వేయకముందే తేల్చుకోవాలి. కెమెరా ఏడాది తర్వాతయినా మార్చుకోవచ్చు, నేలకింద వేసిన పైపు మార్చాలంటే గడ్డపార తేవాలి.

గది చూసేటప్పుడు

24 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న గదిని లెక్కగా తీసుకుందాం. ఎనిమిదిమంది నేర్చుకోవడానికి ఇది సరిపోతుంది. శ్లాబు ఎత్తు 10 అడుగులకు తగ్గితే పైనుంచి తీసే కెమెరాకు చోటు చాలదు, ఆ గది వదిలేయండి.

అద్దెకు దిగే ముందు గదిలో నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టి ఫోనులో రికార్డు చేసుకోండి, గది ఎంత మోగుతుందో తెలుస్తుంది. తర్వాత పది నిమిషాలు ఊరికే రికార్డింగ్ వదలండి. ఇది మంచి ముహూర్తం ఉన్న రోజు సాయంత్రం చేయండి. తిరుపతిలో కళ్యాణ మండపం లేని వీధి వెతుక్కోవాలి, మామూలు రోజున ప్రశాంతంగా ఉన్న గది పెళ్ళిళ్ళ నెలలో బ్యాండుమేళంతో దద్దరిల్లుతుంది. రైలు కూత, బస్సుల హారన్లు కూడా అదే రికార్డింగులో తెలిసిపోతాయి. తిరుచానూరు రోడ్డులాంటి పెద్దరోడ్డు మీద ముందుగది కన్నా, రెండు వీధులు లోపల వెనక గది మేలు.

మాంసం వండుతామన్న మాట అగ్రిమెంటులో రాయించుకోండి. ఈ ఊళ్ళో నాటుకోడి పులుసు వాసన వచ్చాక ఓనరుతో మాట్లాడటం మొదలుపెడితే అప్పటికే ఆలస్యం.

దిక్కుల సంగతి. వాస్తు చూసుకునేవాళ్ళు తూర్పుముఖంగా నిలబడి వండాలంటారు. వీడియోకు అది అడ్డం రాదు. వండేవాళ్ళు తూర్పుకు చూస్తే కెమెరా పడమరకు చూస్తుంది. వండేవాళ్ళ కుడిచేయి దక్షిణం, ఎడమచేయి ఉత్తరం. పొయ్యిని కుడివైపు కొసన పెడితే అది దక్షిణం వైపుకు జరుగుతుంది. ఉత్తరం కిటికీ నుంచి ఏడాదిలో చాలా నెలలు మెత్తటి వెలుగు పక్కనుంచి పడుతుంది. వచ్చే చిక్కల్లా పడమటి కిటికీతో. మధ్యాహ్నం మూడు దాటాక వంటమనిషి వీపువెనక నుంచి ఎండ నేరుగా లెన్సులోకి కొడుతుంది, ముఖం నల్లబడుతుంది. దాన్ని మూసేయండి, లేకపోతే మందపాటి పరదా కట్టండి.

కొలతలు ముగ్గుతో

ప్లాను కాగితం మీద బాగానే ఉంటుంది. నేలమీద అసలు కొలతల్లో ముగ్గుపిండితో గీయండి.

పడమటి గోడకు ఆనుకుని 2 అడుగుల వెడల్పు వెనకగట్టు. దాని ముందు 4 అడుగుల నడక. తర్వాత 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు నడిమి గట్టు. ఇప్పటికి 9 అడుగులు పోయాయి, ఇంకా 15 ఉన్నాయి. నడిమి గట్టుకూ మొదటి బల్లల వరుసకూ మధ్య 4 అడుగులు వదలండి. ఆపైన 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు బల్లలు వరుసకు రెండు చొప్పున రెండు వరుసలు, ఒక్కో బల్ల వెనక మూడున్నర అడుగుల నిలబడే చోటు. లెక్క సరిగ్గా 15 అడుగులకు కుదురుతుంది. రెండు బల్లల మధ్య 4 అడుగుల దారి వదలండి, ఎదుటి కెమెరా అక్కడే నిలబడుతుంది.

ముగ్గు వేశాక ఇద్దరు మనుషులు వేడినీళ్ళ గిన్నె పట్టుకున్నట్టుగా ఆ నడకలో ఒకరికొకరు ఎదురు నడవండి. 4 అడుగుల్లో ఇద్దరు పక్కకు తప్పుకోగలరు. మూడున్నర అయితే ఒకరి మోచేయి తగులుతుంది. వెనకగట్టును ఇంకో అరడుగు పెంచుకుందామన్న ఆశ ఇక్కడే చచ్చిపోతుంది, మంచిదే.

బల్లలకు చక్రాలు పెట్టించండి. నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండాలి. రెండింటికే ఉంటే చపాతీపిండి పిసికేటప్పుడు బల్ల గుండ్రంగా తిరుగుతుంది. షూటింగ్ రోజున బల్లలన్నీ గోడవారకు నెట్టేస్తారు కాబట్టి ఆ భాగంలో నేలకు వాలు ఇవ్వొద్దని మేస్త్రీకి గట్టిగా చెప్పండి. నీళ్ళు పోయే వాలు వెనకగట్టు వైపు, నడకలో మాత్రమే చాలు. మొత్తం గదికి వాలిస్తే ట్రైపాడ్ చక్రాలు వాటంతటవే జారుతాయి.

నడిమి గట్టు

ఎత్తు 34 అంగుళాలు. పొట్టివాళ్ళు ఎక్కువగా నేర్పుతుంటే 32. ఎడమవైపు 4 అడుగులు శుభ్రమైన చోటు: తరగడం, కలపడం, ఇండక్షన్ స్టవ్. దానికి పైన కెమెరా. కుడికొసన 3 అడుగులు గ్యాసు పొయ్యికి, దానికి పైన పొగ లాగే హుడ్. మధ్యలో మిగిలిన అడుగు పోపుల పెట్టెకు. సింకు మాత్రం వెనకగట్టు మీదే ఉంచండి. నడిమి గట్టులో సింకు పెడితే నీళ్ళ చప్పుడు మైకులోకి, ఎంగిలి గిన్నెలు ఫ్రేములోకి వస్తాయి.

పొయ్యిని వెనకగోడకు పెట్టేద్దాం, హుడ్ తేలిక అని కాంట్రాక్టరు చెబుతాడు. వినకండి. అలా అయితే తిరగమాత వేసే ప్రతిసారీ వంటమనిషి వీపు తప్ప ఇంకేం కనబడదు. పైకెమెరాను పొయ్యిమీద పెట్టే ఆలోచన కూడా వద్దు, రెండు నిమిషాల్లో ఆవిరి పట్టి లెన్సు మసకబారుతుంది, వారంలో నూనెపొర పేరుకుంటుంది. బాణలి లోపల చూపించడానికి పక్కనుంచి 45 డిగ్రీల వాలులో పెట్టిన కెమెరా చాలు.

రాయి విషయానికొస్తే, చిత్తూరు, కుప్పం వైపు గ్రానైటుకు కొదవలేదు. నున్నగా పాలిష్ చేసిన నల్లరాయి మాత్రం కొనకండి. పైన పెట్టిన ప్రతి లైటూ, కెమెరాతో సహా, అద్దంలో కనబడ్డట్టు అందులో కనబడుతుంది. అదే రాయిని మెరవని లెదర్ ఫినిష్‌లో అడగండి. రంగు మధ్యరకం ఉండాలి: బూడిద, ముదురు ఆకుపచ్చ. తెల్లరాయి పెడితే కెమెరా రాయిని చూసి వెలుగు తగ్గించుకుంటుంది, పక్కనున్న రాగిసంగటి బొగ్గుముద్దలా వస్తుంది. బోరునీళ్ళ ఉప్పుమరకలు ముదురు రాయిమీద తెల్లగా తేలతాయి కాబట్టి గట్టు తుడవడానికి ఫిల్టరు నీళ్ళే వాడండి. అదే బోరునీళ్ళతో కందిపప్పు మెత్తబడదు. "నాలుగు విజిళ్ళు చాలు" అని వీడియోలో చెప్పేముందు ఏ నీళ్ళతో ఉడికించారో కూడా చెప్పాలి.

సంగటికీ రోలుకూ వేరే చోటు

బయట ఊళ్ళ డిజైనర్లు గీసిన ప్లానుల్లో ఇది ఉండదు. మన వంటకు ఇది లేకుండా కుదరదు.

పదిమందికి సంగటి చేస్తున్నారనుకోండి. గట్టు 34 అంగుళాలు, పొయ్యి 6, గిన్నె 12. గిన్నె అంచు నేలనుంచి 52 అంగుళాల ఎత్తుకు వచ్చేసింది. ఐదడుగుల రెండంగుళాల మనిషికి అది భుజం ఎత్తు. సంగటి గెలకాలంటే కట్టెను పైనుంచి ఒళ్ళు బరువుతో కిందికి నొక్కాలి. భుజం ఎత్తులో నొక్కలేరు, చేతులు పైకెత్తి తిప్పుతారు, పిండి ఉండలు కడుతుంది, గిన్నె పక్కకు జరుగుతుంది. తప్పు రెసిపీదనుకుంటారు. తప్పు గట్టుది.

అందుకే ఆగ్నేయం మూల 5 అడుగుల చదరం వదిలి, ఇనుప స్టాండు మీద పెద్ద బర్నరు పెట్టండి, రెండూ కలిపి 14 అంగుళాల ఎత్తు మించొద్దు. 12 అంగుళాల గిన్నె పెట్టినా అంచు 26 దగ్గరే ఆగుతుంది. స్టాండుకు గిన్నె జారకుండా మూడు పక్కల ముక్కులు వెల్డింగ్ చేయించండి. పక్కనే రోలు. ఊరిబిండి పచ్చడి దంచేటప్పుడు రోలును గ్రానైటు గట్టుమీద పెడితే ఆసరా లేని అంచుదగ్గర రాయి పగుళ్ళిస్తుంది, దెబ్బ దెబ్బకూ పైకెమెరా ఊగుతుంది. నేలమీద, కింద గోనెసంచి మడత వేసి పెట్టండి. ఈ మూలకు గ్యాసు లైను, ఒక ప్లగ్గు, గోడమీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందే ఇచ్చుకోవాలి. కెమెరా చిన్న ట్రైపాడ్ మీద మోకాలి ఎత్తులో ఉంటుంది.

గాలి

హుడ్ వెడల్పు పొయ్యికన్నా రెండు పక్కలా 6 అంగుళాలు ఎక్కువ, అంటే 4 అడుగులు. గోడ ఆసరా లేని హుడ్‌కు అడుగుకు నిమిషానికి 150 ఘనపుటడుగుల గాలి లాగాలని లెక్క. మొత్తం 600, అంటే గంటకు దాదాపు 1000 ఘనమీటర్లు. డబ్బామీద రాసిన అంకె డక్టు (గాలి బయటికి పోయే గొట్టం) తగిలించకముందుది, కాబట్టి 1400 పైన రాసిన మోటారు తీసుకోండి.

మోటారు హుడ్‌లో ఉండకూడదు. డక్టు చివర, గోడ బయటో మేడమీదో పెట్టించండి. అదే మోటారు, అదే గాలి, కానీ గదిలో చప్పుడు సగానికి సగం తగ్గినట్టు ఉంటుంది. డక్టు 8 అంగుళాల గట్టి రేకుగొట్టం. మడతల అల్యూమినియం గొట్టం చవకే, అందులో గాలి తడబడుతుంది, మడతల్లో నూనె నిలుస్తుంది. మలుపులు రెండు మించొద్దు.

ఎక్కువమంది మరిచేది లోపలికి వచ్చే గాలి. బయటికి పోయినంత గాలి లోపలికి రావాలి. ఏసీ కోసం కిటికీలన్నీ బిగించిన గదిలో చిమ్నీ వేస్తే తలుపు తీయడానికి బలం పెట్టాల్సి వస్తుంది, మంట వంగుతుంది, ఎండుమిరపకాయల ఘాటు గదిలోనే తిరుగుతుంది, ఎనిమిదిమందీ ఒకేసారి దగ్గుతారు. పొయ్యికి దూరంగా, కిందివైపు 3 చదరపు అడుగుల జాలీ వదలండి. దోమతెర తప్పనిసరి, నెలకోసారి కడగాలి.

మే నెలలో ఊరు 40 డిగ్రీలు దాటుతుంది. షాటుకు ముందు గంటసేపు ఏసీ వేసి గది చల్లబరిచి, షాటు తీసే పది నిమిషాలు ఆపండి. ఫ్రిజ్ కూడా ఆపాలి. ఆపాక బండి తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టండి, మళ్ళీ ఆన్ చేయకుండా ఇంటికి వెళ్ళలేరు.

గ్యాసు, కరెంటు

ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను ఇలాంటి పనికి వాడటం చట్టవిరుద్ధం. 19 కిలోల కమర్షియల్ కనెక్షన్ తీసుకోండి. సిలిండర్లు బయట, నీడలో, నిలువుగా, జాలీ గూటిలో ఉండాలి. దగ్గర్లో మురుగుకాలువ మూత ఉండకూడదు, ఎందుకంటే ఈ గ్యాసు గాలికన్నా బరువు, పల్లానికి జారి నిలుస్తుంది. లీకు అలారం కూడా అందుకే నేలకు అడుగులోపు ఎత్తులో పెట్టాలి. కంటికి అందేలా పైన బిగించిన అలారం మోగేసరికి గది సగం నిండి ఉంటుంది. ప్రతి పొయ్యికీ విడి వాల్వు, అన్నిటికీ కలిపి తలుపు దగ్గర ఒక పెద్ద వాల్వు.

కరెంటు లెక్క ఇలా వేసుకోండి. 2000 వాట్ల ఇండక్షన్లు విద్యార్థుల బల్లలమీద నాలుగు, నడిమి గట్టుమీద ఒకటి, అంటే 10000. ఓవెన్ 2000. ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు, సుమారు 3400. గీజరు 2000. మిక్సీ 750, లైట్లు 600, ఎగ్జాస్ట్, ఫ్రిజ్ కలిపి మరో 600. మొత్తం 19 కిలోవాట్లు దాటింది. అన్నీ ఒకేసారి నడవకపోయినా త్రీఫేజు తప్పదు. ఎస్పీడీసీఎల్ దగ్గర కమర్షియల్ కేటగిరీలోనే దరఖాస్తు పెట్టండి. ఇండక్షన్ ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ఒక్కో బల్లకు విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, 16 ఆంపియర్ల ప్లగ్గు. రెండు బల్లలకు ఒకే తీగ వేస్తే క్లాసు మధ్యలో ఎంసీబీ పడిపోతుంది. బల్లలకు కరెంటు పైనుంచి దించండి. నేలలో ప్లగ్గులు పెడితే గది కడిగిన రోజే తెలుస్తుంది. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా తడిచేతుల మనుషుల్ని గదిలోకి రానివ్వొద్దు.

కెమెరా, మైకు, లైట్లు ఒక ఫేజుమీద, మిక్సీ, ఏసీలు వేరే ఫేజులమీద ఉండాలి. ఒకే లైనుమీద ఉంటే మిక్సీ తిప్పినప్పుడల్లా స్పీకర్లో బుర్రుమంటుంది.

వీడియో తీగల కోసం 2 అంగుళాల పైపు వేయించండి. ఎలక్ట్రీషియన్ అలవాటుగా ముప్పావు అంగుళం పైపు వేస్తాడు, అందులో హెచ్‌డీఎంఐ మూతి దూరదు. కరెంటు పైపుకూ దీనికీ అడుగు ఎడం. 10 మీటర్లు దాటే దూరానికి మామూలు హెచ్‌డీఎంఐ తీగ 4కె బొమ్మను నమ్మకంగా మోయదు, ఫైబర్ రకం తీసుకోండి. పైపుల్లో లాగుడుదారం వదిలిపెట్టండి. పూత వేసే ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫోటో తీసుకుంటే రేపు మేకు ఎక్కడ కొట్టకూడదో తెలుస్తుంది.

మంటలార్పే సిలిండర్లు రెండు: నూనెమంటకు కె క్లాసు, కరెంటుకు కార్బన్ డయాక్సైడ్. తలుపు పక్కన తగిలించండి. పొయ్యి పక్కన తగిలిస్తే మంటలోంచి చేయి చాచాలి.

పైకప్పు, లైట్లు, కెమెరా

నేలనుంచి 9 అడుగుల ఎత్తులో ఒకటిన్నర అంగుళం జీఐ పైపులు అడ్డంగా కట్టించండి. ఈ పైపు బయటి కొలత 48 మిల్లీమీటర్లు, స్టూడియో లైట్ల క్లాంపులు సరిగ్గా దానికి పడతాయి. పైపులు శ్లాబుకే బిగించాలి. ఫాల్స్ సీలింగుకు బిగిస్తే ఒకరోజు కెమెరా సాంబారులో ఉంటుంది. వేలాడే ప్రతి వస్తువుకూ రెండో ఆసరాగా ఉక్కుతాడు.

కెమెరా 8 అడుగుల 6 అంగుళాల దగ్గర, గట్టు 34 అంగుళాల దగ్గర ఉంటే మధ్య దూరం 68 అంగుళాలు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 50 ఎంఎం లెన్సు పెడితే కనబడే వెడల్పు: ఆ కెమెరా సెన్సరు వెడల్పు 36 ఎంఎం, దాన్ని 50తో భాగించి 68తో హెచ్చించండి, 49 అంగుళాలు వస్తుంది. సరిగ్గా మన నాలుగడుగుల చోటు. ఫోను లెన్సుకు ఇంకా వెడల్పు పడి మోచేతులు, స్విచ్చిబోర్డులు కనబడతాయి, రెండింతల జూమ్ ఉన్న ఫోనే వాడండి. కెమెరాను గట్టు మధ్యకన్నా ప్రేక్షకుల వైపు 6 అంగుళాలు జరపండి, లేకపోతే తొంగిచూసినప్పుడల్లా వంటమనిషి పాపిడి ఫ్రేములోకి వస్తుంది. బొమ్మలో చేతులు కిందినుంచి పైకి రావాలి. అప్పుడే నేర్చుకునేవాళ్ళకు అవి తమ చేతుల్లా అనిపిస్తాయి. ఆ బొమ్మను 55 అంగుళాల టీవీకి తీగతోనే పంపండి. వైర్‌లెస్‌లో కాస్త ఆలస్యంగా వస్తుంది, "ఇప్పుడు దించండి" అన్నాక టీవీలో ఇంకా వేగుతూ ఉంటుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. కెమెరా సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. ఫోనుల్లో మొదట ఉండే 30 ఫ్రేములు, 1/60 దగ్గర బొమ్మమీద నల్లచారలు పాకుతాయి. ఆవాలు చిటపటలాడటం స్లోమోషన్‌లో తీయాలంటే మామూలు ఎల్‌ఈడీ బల్బులు పనికిరావు. బల్బు కొనే ముందే దుకాణంలో ఫోను స్లోమోషన్ పెట్టి చూడండి.

రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె సీఆర్‌ఐ, లైటు డబ్బామీద అది 95 పైన ఉండాలి. దాంతోపాటు ఆర్9 అనే అంకె అడగండి, ఎరుపు ఎంత నిజంగా కనబడుతుందో చెప్పేది అదే. అది తక్కువైతే ఎర్రకారం ఇటుకపొడిలా, పసుపు పాకురులా వస్తుంది. అన్ని లైట్లూ 5600 కెల్విన్, అంటే పగటి వెలుగు రంగు. వెనక అందానికి ఒక పసుపుబల్బు వేలాడదీస్తే కెమెరా ఏ రంగును నమ్మాలో తెలియక తికమకపడుతుంది.

150 వాట్ల లైట్లు రెండు, ఒక్కోదానికి వెలుగును మెత్తబరిచే 3 అడుగుల సాఫ్ట్‌బాక్స్. ఒకటి ఉత్తరం కిటికీ వైపే, ముఖానికి. రెండోది వంటమనిషి వెనక పక్కనుంచి, గిన్నెమీదికి. ఈ రెండోదే వంటను నోరూరించేలా చేస్తుంది. సంగటి ముద్ద విప్పినప్పుడు లేచే ఆవిరి ఎదుటినుంచి వెలుగు పడితే కనబడనే కనబడదు. వెనకనుంచి వెలుగు, దాని వెనక ముదురు రంగు గోడ ఉంటే పొగమంచులా లేస్తుంది. గోడలకు చిలకపచ్చ, ఎరుపు వద్దు, అన్నం ఆ రంగుకు తిరుగుతుంది.

శబ్దానికి: టైల్స్ పొయ్యి, సింకు వెనక రెండడుగులు చాలు. నాలుగు గోడలకూ వేస్తే మాట బావిలోంచి వచ్చినట్టుంటుంది. విద్యార్థుల వైపు గోడకు మందపాటి పరదాలు, పైకప్పుకు ఫెల్ట్ పలకలు. గుడ్ల అట్టల్లాంటి స్పాంజి మాత్రం వంటగదిలో వద్దే వద్దు, నూనె పీల్చుకుంటుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. మిక్సీ కింద రబ్బరు మ్యాట్, వంటమనిషికి కాలర్ మైకు.

తాళాలు తీసుకునే ముందు

గ్యాసు లైను ప్రతి అతుకు దగ్గరా సబ్బునురుగు పూసి చూడండి. తర్వాత ఎనిమిదిమంది స్నేహితుల్ని పిలిచి ఒక పూట మొత్తం వండండి: ఐదు ఇండక్షన్లూ, ఓవెనూ, ఏసీలూ అన్నీ ఒకేసారి. నడిమి గట్టుమీద పూరీలు వేయించండి, మూలన సంగటి గెలకండి, రెండు కెమెరాలూ నడుస్తూనే ఉండాలి. ఏ ఎంసీబీ పడింది, ఎవరు దగ్గారు, ఏ బల్లనుంచి టీవీ కనబడలేదు, నీళ్ళు ఎక్కడ నిలిచాయి, అన్నీ రాసుకోండి. ఆ రాసుకున్నవి సరిచేసేదాకా కాంట్రాక్టరుకు చివరి వాయిదా ఇవ్వకండి. ట్రైపాడ్ కాళ్ళు నిలిచిన చోట్ల నేలమీద రంగుటేపు అంటించి ఉంచండి, బల్లలు నెట్టిన మరుసటి రోజు కొలతలు మళ్ళీ తీసుకునే పని ఉండదు.